చేసిపెట్టకుండా, వదిలేయకుండా: బెంగళూరులో పిల్లలు సొంతంగా బతకడం నేర్పే పద్ధతి

ఇది 18 నుంచి 26 ఏళ్ళ మధ్య పిల్లలున్న తల్లిదండ్రులకు. తమ్ముణ్ణో చెల్లెల్నో బెంగళూరు తెచ్చుకుని దగ్గర పెట్టుకున్న అక్కలకూ అన్నలకూ కూడా. చదువు సగంలో ఆగింది, వచ్చిన ఉద్యోగం నిలవలేదు, రాత్రంతా ఫోను పగలంతా నిద్ర. ఇలాంటి చోట ఇంట్లో ముందు వినపడే మాట బద్ధకం. దగ్గరుండి గమనిస్తే చాలాసార్లు తేలేది వేరు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, మధ్యలో తప్పితే మళ్ళీ ఎక్కణ్ణుంచి అందుకోవాలో తెలియక ఆగిపోయి ఉంటారు. ఇంట్లోవాళ్ళేమో అన్నీ చేసిపెడతారు, లేదంటే విసుగొచ్చిన రోజున ‘నీ చావు నువ్వు చావు’ అని ఒక్కసారిగా వదిలేస్తారు. పనిచేసేది మూడో దారి: సాయం చేస్తూనే, చేసే సాయాన్ని లెక్కప్రకారం తగ్గించుకుంటూ రావడం.

మొదట ఒక వారం ఊరికే చూడండి

ఈ వారం ఏమీ నేర్పకండి, ఏమీ అనకండి. ఒక నోటుబుక్కులో మూడు నిలువు గళ్ళు గీయండి: తనంతట తాను చేసినవి, గుర్తుచేస్తే చేసినవి, మీరే చేసిపెట్టినవి. నిద్ర, స్నానం, తిండి, బట్టలు, డబ్బు, ప్రయాణం, కాగితాలు, బయటివాళ్ళతో మాట్లాడటం, అన్నీ ఇందులోకి రావాలి. దొంగచాటుగా రాయొద్దు. ‘నేను ఎక్కడెక్కడ అనవసరంగా వేలు పెడుతున్నానో చూసుకుంటున్నా’ అని చెప్పి రాయండి. అది నిజం కూడా. వారం తిరిగేసరికి మూడో గడి మీరనుకున్నదానికంటే నిండుగా ఉంటుంది.

రాసేటప్పుడు పని పేరు కాదు, పని ఆగిన చోటు రాయండి. ‘బట్టలు ఉతుక్కోడు’ అని రాస్తే దాంతో చేసేదేమీ లేదు. ‘మెషిన్లో వేశాడు, ఆన్ చేశాడు, తీసి ఆరేయలేదు, సాయంత్రానికి వాసనొచ్చింది’ అని రాస్తే నేర్పాల్సింది ఉతకడం కాదని తెలుస్తుంది. మెషిన్ ఆగే టైముకు ఫోన్‌లో అలారం పెట్టుకోవడం ఒక్కటి వస్తే చాలు.

ఒకే పని పట్టుకోండి

జాబితా చూడగానే అన్నీ ఒకేసారి బాగుచేయాలనిపిస్తుంది. ఆ టైంటేబుల్ గోడ మీద నాలుగు రోజులు ఉంటుంది, ఆ తర్వాత దాని మీద ఎవరి చూపూ పడదు. ఒక్క పని ఎంచుకోండి. అది రోజూ వచ్చేదై ఉండాలి, తప్పినా పెద్ద నష్టం ఉండకూడదు, అయిపోయిందని కళ్ళకు కనపడాలి. కరెంటు బిల్లు మొదటి పాఠానికి పనికిరాదు. నెలకోసారి వచ్చేదానితో అలవాటు పడదు. పొద్దున్నే లేవడం కూడా మొదట్లో వద్దు. అది అందరికీ కావలసిందే కానీ అన్నిటికంటే కష్టమైంది, రోజూ ఓటమితోనే మొదలవుతుంది. రాత్రి అన్నం వండటం బాగుంటుంది. ఎంపికలో పిల్లల మాట చెల్లాలి. వాళ్ళు బైక్ లైసెన్సు అంటే దానికి కావలసిన కాగితాలతోనే మొదలుపెట్టండి.

పనిని ముక్కలు చేయడం: అన్నం ఉదాహరణగా

వంట తెలిసినవాళ్ళకు అన్నం వండటం ఒకే పని. నేర్చుకునేవాళ్ళకు అది పదకొండు ముక్కలు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పుతో ఒక కప్పు సోనామసూరి, ఇది ఒక మనిషికి ఒక పూటకు సరిపోతుంది. రెండుసార్లు కడగాలి. అదే కప్పుతో రెండు కప్పుల నీళ్ళు, పాత బియ్యమైతే ఇంకో పావు నుంచి అరకప్పు ఎక్కువ. ఇరవై నిమిషాలు నాననివ్వాలి. లోపలి గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడవాలి. గిన్నె పెట్టి, మూత పెట్టి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, మీట కిందికి నొక్కాలి. మీట పైకి లేచాక పది నిమిషాలు మూత తీయకూడదు.

ఎక్కువమంది తప్పేది మీట దగ్గర. స్విచ్చి వేయగానే లైటు వెలుగుతుంది, ఉడుకుతోందనుకుంటారు. అది వేడిగా ఉంచే లైటు మాత్రమే. గంట తర్వాత చూస్తే బియ్యం ఉబ్బి నీళ్ళు అలాగే ఉంటాయి. ఇక గిన్నె అడుగు తడిగా ఉంటే లోపలి పళ్ళెం చిటపటలాడుతుంది, కొన్నాళ్ళకు అన్నం ఒక పక్క మాడుతుంది. ఈ రెండూ ముందే చెప్పండి. తప్పు ఫలానా చోట వస్తుందని ముందే తెలిసినవాళ్ళు అది వచ్చినప్పుడు ‘నాకేదీ చేతకాదు’ అనుకోరు.

ప్రెషర్ కుక్కర్‌లో వండే పప్పుకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అరకప్పు కందిపప్పుకు కప్పున్నర నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్ రంధ్రానికి అడ్డుపడదు. చింతపండు ఉడికాకే వేయాలి, ముందే వేస్తే పులుపుకు పప్పు గట్టిగా ఉండిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. నెల్లూరులో నాలుగు విజిల్స్‌కు ఉడికిన పప్పుకు ఇక్కడ ఐదు కావాలి. బోరు నీళ్ళున్న ఇంట్లో అయితే ఆ ఉప్పుకు ఎన్ని విజిల్సొచ్చినా మెత్తబడదు, పప్పుకు మట్టుకు ఫిల్టరు నీళ్ళు పోయించండి. అమ్మ చేతి కొలత ఊరు మారితే పనిచేయదని మీరే చెప్పాలి, లేకపోతే తప్పంతా తమదే అనుకుంటారు. పది నిమిషాలైనా విజిల్ రాక పక్కలనుంచి ఆవిరి పోతుంటే గ్యాస్కెట్ (మూత లోపలి రబ్బరు రింగు) సరిగా కూర్చోలేదని అర్థం. స్టవ్ కట్టేసి, ఆవిరంతా పోయాకే తెరవాలి.

చివరి ముక్క ముందు నేర్పండి

చాలాసార్లు ఓడిపోయినవాళ్ళకు మొదటి ముక్కనుంచి నేర్పితే మూడో ముక్క దగ్గర ఆగి లేచిపోతారు. తలకిందులుగా నేర్పి చూడండి. మొదటి రెండు రోజులు అంతా మీరే చేసి, మీట నొక్కడం, పది నిమిషాలాగి అన్నం తీసి వడ్డించడం వాళ్ళకు వదలండి. తర్వాత అడుగు తుడవడం దగ్గర్నుంచి వాళ్ళది. ఆపైన నీళ్ళ కొలత. ఇలా వెనక్కి జరుగుతూ పోతే ప్రతిరోజూ పని పూర్తయ్యే చోట వాళ్ళే ఉంటారు, ఇంట్లోవాళ్ళకు వడ్డించేది కూడా వాళ్ళే. అయితే బ్యాంకు ఫారాలు, బస్సు ప్రయాణం లాంటివాటికి ఇది కుదరదు, అవి మొదటినుంచే నేర్పాలి.

మీ సాయానికి ఐదు మెట్లుంటాయి: చేయి కలిపి చేయడం, చేసి చూపించడం, నోటితో చెప్పడం, గోడ మీది చీటీ (పని ముక్కలన్నీ అంకెలు వేసి రాసింది) చూపించడం, మాట్లాడకుండా ఉండటం. వరసగా మూడుసార్లు సాఫీగా జరిగితే ఒక మెట్టు దిగండి. రెండుసార్లు వరసగా తప్పితే ఒక మెట్టు ఎక్కండి, రెండు కాదు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో ఇంట్లో అందరికీ తెలియాలి. నాన్న చీటీ చూపించి ఊరుకుంటుంటే నాయనమ్మ లేచి చేసిపెడితే వారం పని నీళ్ళపాలు.

తడబడుతున్నప్పుడు మనసులో పది లెక్కపెట్టుకోండి. అందరూ మూడో అంకె దగ్గరే నోరు తెరుస్తారు. ‘ఇంకా కాలేదా?’ అనకండి. ‘చీటీలో ఎక్కడిదాకా వచ్చావ్?’ అని అడగండి. మొదటిదానికి జవాబు గొడవ, రెండోదానికి జవాబు ఒక అంకె.

డబ్బు: వారానికోసారి, వేరే ఖాతాలో

నెల డబ్బు ఒకేసారి ఇస్తే పదో తారీఖుకు అయిపోతుంది. రోజూ ఇస్తే ఎప్పటికీ చిన్నపిల్లలే. వారం సరైన గడువు. వాళ్ళ పేర ఒక సేవింగ్స్ ఖాతా విడిగా పెట్టి, యూపీఐ దానికే కలపండి. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో మీ ఖాతాగానీ పెద్ద మొత్తమున్న ఇంకో ఖాతాగానీ ఉండకూడదు. బుధవారం పొద్దున డబ్బు వేయండి. శుక్రవారం వేస్తే ఆదివారానికి ఆవిరవుతుంది. బుధవారం వేస్తే శనాదివారాలు వారం మధ్యలో పడతాయి, ఆ తర్వాత ఇంకో రెండు రోజులు గడపాలన్న ఆలోచన తప్పనిసరిగా వస్తుంది.

మొదటి నెల టీ, టిఫిన్, బస్సు ఖర్చులకే ఇవ్వండి. రెండో నెలనుంచి వాళ్ళ ఫోన్ రీఛార్జి, షాంపూ, సబ్బు ఖర్చు కూడా కలిపి ఇచ్చి, అవి కొనడం మీరు మానేయండి. షాంపూ అయిపోయిన రోజున తెచ్చిపెట్టకండి. ఆ రెండు రోజులు భరించడమే మీ పని.

యూపీఐ లైట్ ఈ దశలో వద్దు. పిన్ లేకుండా 1,000 రూపాయల దాకా ఒక్క నొక్కుతో పోతుంది. పైగా ఆ చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా కనపడవు, ఆదివారం కూర్చుని లెక్క చూసుకుందామంటే దొరకవు. యూపీఐ సర్కిల్‌లో ప్రతి చెల్లింపుకూ మీ అనుమతి అడిగే ఏర్పాటు ఒకటుంది. మా ఉద్దేశంలో అది కూడా వద్దు. పాతికేళ్ళ మనిషి టీకొట్టు దగ్గర నిలబడి నాన్న ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడటం నేర్పే పాఠం ఏమీ లేదు.

ఆదివారం పదిహేను నిమిషాలు స్టేట్‌మెంట్ పక్కపక్కన కూర్చుని చూడండి. ప్రశ్న ఒకటే: ‘ఇందులో ఏది మళ్ళీ చేయవు?’ జవాబు ఏదైనా వాదించకండి. డబ్బు ముందే అయిపోతే అప్పు ఇవ్వకండి, బస్సు ఖర్చు, ఇంటి తిండి మాత్రం ఆపకండి. పట్టుదలకు పోయి తిండి ఆపితే వాళ్ళ చేయి పోయేది లోన్ యాప్‌ల మీదికే. ఐదు నిమిషాల్లో అప్పు ఇచ్చే ఆ దొంగ యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని చుట్టాలకు ఫోన్లు చేస్తాయి. కాంటాక్ట్స్, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే అప్పు యాప్ వేసుకోకూడదని ఇవాళే చెప్పండి. ఇంకో రెండు సంగతులు బట్టీ పట్టించినా తప్పులేదు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోయామని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, మన ముందు సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు వెనక్కొచ్చే అవకాశం అడుగంటుతుంది.

కాగితాలు, ఓటీపీలు

ఇది చిన్న విషయంలా ఉంటుంది, అన్నిటికీ అడ్డం పడేది ఇదే. పిల్లల ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ చాలా ఇళ్ళలో నాన్న నంబరే ఉంటుంది. ఓటీపీ నాన్నకు వచ్చినంతకాలం వాళ్ళ పనేదీ వాళ్ళది కాదు. ఆధార్ సేవా కేంద్రానికి తీసుకెళ్ళి వాళ్ళ నంబరు ఎక్కించండి, తర్వాత బ్యాంకులో మార్పించండి. కౌంటరు దగ్గర మాట్లాడేది వాళ్ళే, మీరు కుర్చీలో కూర్చోండి. ఆధార్, పాన్, పదోతరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ కాగితాలు డిజీలాకర్‌లో పెట్టించి, అసళ్ళు ఒకే ఫైల్లో ఉంచండి. పదోతరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా, ఒకచోట పొడి అక్షరం ఒకచోట పూర్తిగా ఉండటం మన తెలుగువాళ్ళకు మామూలే. ఉద్యోగంలో చేరే రోజున అది బయటపడితే చెమటలు పడతాయి.

ప్రయాణం: మెట్రోతో మొదలుపెట్టి బస్సుకు

మెట్రో సులువు. దారి తప్పదు, స్టేషన్ పేరు వినపడుతుంది, బోర్డు మీద కనపడుతుంది. పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్‌నుంచి చల్లఘట్ట దాకా, గ్రీన్ లైన్‌కు మారేది మెజెస్టిక్‌లో. టోకెన్ దిగేదాకా జేబులో ఉండాలి, బయటికి వెళ్ళేటప్పుడు గేటు అడుగుతుంది. మధ్యాహ్నం పదకొండునుంచి నాలుగు మధ్య మొదలుపెట్టండి. ఆఫీసు వేళ జనంలో నేర్పితే భయమే నేర్చుకుంటారు.

బస్సును నాలుగు విడతల్లో నేర్పండి. మొదటిసారి పక్కనే కూర్చోండి, టికెట్ వాళ్ళు తీసుకోవాలి. రెండోసారి అదే బస్సులో దూరంగా కూర్చుని, పలకరించకండి. మూడోసారి మీరు ముందే వెళ్ళి దిగే స్టాపులో నిలబడండి. నాలుగోసారి ఇంట్లోనే ఉండండి. సిల్క్ బోర్డునుంచి హెబ్బాళ వైపు రింగురోడ్డు మీద తిరిగే 500డీ, మెజెస్టిక్ నుంచి కాడుగోడి వెళ్ళే 335ఈ లాంటి తరచుగా వచ్చే బస్సులు మంచివి. ఒకటి పోయినా ఇంకోటి వస్తుందన్న ధీమా ఉంటుంది. బోర్డు కన్నడంలో ఉందని కంగారుపడొద్దు. రెండు లిపులూ దగ్గరివి, తలకట్టు తేడా పట్టుకుంటే తెలుగు చదవగలిగినవాళ్ళు వారంలో ఊరి పేర్లు చదివేస్తారు. తెలుగు చదవడం రాని పిల్లలకు నంబరే ఆధారం. ‘ఎష్టు?’ (ఎంత?), ‘ఎల్లి ఇళీబేకు?’ (ఎక్కడ దిగాలి?), ‘స్వల్ప నిల్సి’ (కొంచెం ఆపండి) అనే మూడు మాటలొస్తే కండక్టరుతో పని జరిగిపోతుంది. అమ్మాయిలకు శక్తి పథకంలో మామూలు బస్సు ఉచితమే, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కర్నూలు చిరునామా ఆధార్‌తో ఎక్కితే టికెట్ తీయాల్సిందే. ఏసీ బస్సులకు ఎలాగూ ఇది లేదు.

ఎవరూ నేర్పనిది ఒకటుంది: స్టాపు దాటిపోవడం. దాన్ని కావాలని ఒకసారి చేయించండి. తర్వాతి స్టాపులో దిగాలి, ఫుట్‌బ్రిడ్జి మీంచో సిగ్నల్ దగ్గరో రోడ్డు దాటాలి, అదే నంబరు బస్సు ఎదురువైపు ఎక్కాలి. అంతే. ఇది ఒక్కసారి చేతిమీద జరిగితే ప్రయాణ భయం సగానికి తగ్గుతుంది. ఫోన్ ఛార్జి అయిపోయిన రోజు కోసం పర్సులో ఒక వంద నోటు, ఇంటి అడ్రసు, రెండు నంబర్లు రాసిన కార్డు ఉంచండి.

ఒంట్లో బాగాలేనప్పుడు

ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి అల్మరా తలుపు లోపలివైపు అతికించండి. థర్మామీటరు. పారాసిటమాల్ 650 ఒకటి, మళ్ళీ వేసుకోవాలంటే కనీసం ఆరుగంటల తేడా. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాలే ఉంటుంది, రెండూ కలిపి వేసుకోకూడదు. వానాకాలం బెంగళూరులో డెంగీ ఉంటుంది కాబట్టి డాక్టరు చెప్పకుండా బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం రెండు రోజులు దాటితే డాక్టరు దగ్గరికి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అంతా టీ చెంచాతోనే. డాక్టరు అపాయింట్‌మెంట్ ఫోను వాళ్ళచేతే చేయించండి. ముందు ఏం మాట్లాడాలో నాలుగు లైన్లు రాసుకోమనండి.

రెండు రాత్రులు, తర్వాత పీజీ

ఆరేడు పనులు మాట్లాడకుండా ఉండే మెట్టుకు వచ్చాక, మీరే ఇల్లు వదిలి శుక్రవారం రాత్రి బస్సుకు ఊరెళ్ళండి. ఆదివారం రాత్రి రండి. ఫ్రిజ్‌లో మూడు రోజుల కూరలు వండి పెట్టి వెళ్ళకండి, చేసిందంతా వృథా అవుతుంది. ఒక్క ఊరిబిండి డబ్బా పెడితే చాలు. తిరిగొచ్చాక ఇల్లు ఎలా ఉన్నా మొదట అడగాల్సింది ఏది కష్టమైందని. గిన్నెల సంగతి సోమవారం మాట్లాడుకోవచ్చు.

ఇలా మూడు నాలుగు సార్లు అయ్యాక పీజీ, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్. మారతహళ్ళి, బీటీఎం లేఔట్ వైపు ఆంధ్రా భోజనం పెట్టే తెలుగువాళ్ళ పీజీలు బోలెడు. ఇంటికి నలభై నిమిషాల దూరంలో చూడండి. వీధి చివరైతే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి: ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు, వాషింగ్ మెషిన్ వారానికి ఎన్నిసార్లు, ఆదివారం రాత్రి భోజనం ఉందా. ఆదివారం రాత్రి వంట ఉండని పీజీలుంటాయి, ఆ పూటకు అన్నం కుక్కర్ నేర్చుకున్నది పనికొస్తుంది, గదిలో పెట్టనిస్తారో లేదో కనుక్కుంటే. చెప్పినవన్నీ వాట్సాప్‌లో రాయించుకోవాలి.

విడిగా ఇల్లు ఆ తర్వాతి మాట. ఇక్కడ అడ్వాన్సు కొన్ని నెలల అద్దె ఉంటుంది, ఒప్పందం 11 నెలలకు రాస్తారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకోవడం రివాజు. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చిబోర్డులు ఫొటోలు తీసి ఓనరుకు పంపమనండి. తడిచెత్త కవరు లేకుండా ఒక బుట్టలో, పొడిచెత్త వేరే, శానిటరీ చెత్త కాగితంలో చుట్టి విడిగా. కలిపి ఇస్తే చెత్తబండి వాళ్ళు తీసుకోరు, పక్కింటివాళ్ళతో మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇది నేర్పితే తీరేది కానప్పుడు

రెండు వారాలకు మించి స్నానం, తిండి, మనుషులు దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం, లేనిపోని అనుమానాలు, చచ్చిపోతానన్న మాట. ఇవి కనపడితే చీటీలు, మెట్లు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక చికిత్స ఆసుపత్రి ఉంది. అక్కడ చికిత్సతోపాటు మళ్ళీ పనుల్లో పడేందుకు వృత్తి శిక్షణ ఇచ్చే పునరావాస విభాగం కూడా ఉంది. ప్రాణాపాయమనిపిస్తే అత్యవసర నంబరు 112. చిన్నప్పటినుంచీ వస్తువులు పోగొట్టుకోవడం, టైము అందకపోవడం, చెప్పింది సగంలో మరిచిపోవడం ఉంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) ఉందేమో డాక్టరుకు చూపించండి. బడిలో మార్కులొచ్చాయని దాన్నెవరూ పట్టించుకుని ఉండకపోవచ్చు. మందు మొదలయ్యాక కూడా పై పద్ధతి అవసరమే, కాకపోతే మెట్లు దిగడం తేలికవుతుంది.

పీజీలో చేరిన కొత్తలో

మొదటి నెల ఫోను రోజుకోసారి, ఒక టైముకు, పది నిమిషాలు. రెండో నెలనుంచి రోజు విడిచి రోజు. ‘తిన్నావా?’తో మొదలుపెడితే అక్కడే ఆగిపోతుంది, ఇంట్లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పి మొదలుపెట్టండి. ఆరో వారానికి అటూ ఇటూగా ఒకసారి జారడం ఉంటుంది. బట్టలు కుప్పపడతాయి, డబ్బు అయిపోతుంది, ఆఫీసుకు ఒకరోజు ఎగ్గొడతారు. అప్పుడు సామాను సర్దించి ఇంటికి తెచ్చేయకండి. నోటుబుక్కు తీసి, జారిన పని ఒక్కటే చూసి, దానికి మాత్రం ఒక మెట్టు పైకి రండి. బట్టలైతే శనివారం పది గంటలకు ఫోన్ చేసి, మెషిన్ ఆగేదాకా మాట్లాడుతూ ఉండండి. మూడు శనివారాలు సాఫీగా గడిస్తే నాలుగో శనివారం ఫోన్ చేయకండి.